లైటు ఇంకొకరి చేతిలో వచ్చింది

నేను చూసినంతవరకు చైనా రాజుల్లో పనికొచ్చేవాడు ఒక్కడు కూడా లేడు. పొద్దున్నే కొలువులో కూర్చుంటాడు, ఎవరో చెప్పిన చాడీ విని ఇంకెవరినో చంపమంటాడు, సాయంత్రానికి తామరకొలను పక్కన నిలబడి బాధపడతాడు. మంచంలో పడుకుని నెలల తరబడి వీళ్ళ సీరియళ్ళే చూశాను. అంతకుముందు చైనా అంటే నాకు తెలిసింది సెల్‌ఫోన్లు, ప్లాస్టిక్ పూలు, బండి మీద అమ్మే నూడుల్స్.

ఇప్పుడు నడుస్తున్నాను. చేతిలో కర్ర ఉంది, అయినా నడుస్తున్నాను. ఇదంతా మళ్ళీ తలచుకుని రాయడం ఎందుకంటే, నాలాగా పడిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు కాస్త పనికొస్తుందని. వాళ్ళ మంచం పక్కన కూర్చునేవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ పనికొస్తుందని.

నా పేరు సరోజన. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటాను. మా ఆయన గుండెపోటుతో పోయాక నాకు బొగ్గుబాయి లాంప్‌రూంలో పని ఇచ్చారు. బాయి దిగేవాళ్ళకు తలకు పెట్టుకునే లైట్లు ఇచ్చే గది అది. మనిషి వచ్చి తన నెంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాడు. నేను అదే నెంబరు లైటు అతనికిచ్చి, బిళ్లను బోర్డు మీద కొక్కేనికి తగిలిస్తాను. షిఫ్టు అయ్యాక లైటు వాపసిచ్చి బిళ్ల తీసుకుపోతాడు. కొక్కేనికి బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఒకరి లైటు ఇంకొకరు తెస్తే తీసుకోము. నాకు పని నేర్పిన మొండయ్య కాక మొదటిరోజు గట్టిగా చెప్పింది ఇదొక్కటే.

"మనకు లైటు తోని పని లేదు బిడ్డా, మనిషి తోని పని. 'వాడు ఎనుక వస్తున్నడు' అంటరు. ఇనకు. మొకం చూడంది బిల్ల తియ్యకు."

ఆరేళ్ళు అదే చేశాను. ఎవరు లోపలికి పోయారు, ఎవరు రాలేదు అని లెక్క చూసుకోవడం నాకు అలవాటైపోయింది. పెళ్ళికి పోయినా విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు అందరూ లేచారా లేదా అని చూసేదాన్ని.

సెప్టెంబరు

తెలంగాణ వచ్చే ముందు ఏడాది, వానలు తగ్గుతున్న రోజులు. ముందు వేళ్ళ చివర్లు తిమ్మిరి పట్టాయి. ఒక లైటు చేతిలోంచి జారి పడింది. ఎండకు నీరసం అనుకున్నాను. గ్యాసు అన్నారు కొందరు. మర్నాడు ఫస్ట్ షిఫ్టు చేసి ఇంటికి నడిచొస్తుంటే, ఎదురింటి రజియా అక్క గేటు దగ్గర నిలబడి నా కాళ్ళ వంక చూసింది.

"ఏందే సరోజనా, ఒక్క చెప్పుతోని వస్తున్నవ్?"

చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ పోయిందో తెలియదు. కంకర మీద నడిచి వచ్చానేమో, పాదం కింద తెగి రక్తం కారుతోంది. నాకు నొప్పి మాత్రం లేదు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ తర్వాత చాలా నెలలు నేను నవ్వలేదు కాబట్టి ఆ నవ్వు గుర్తుండిపోయింది.

మూడోరోజు స్నానాల గదిలో కింద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. కాళ్ళు నావి కావన్నట్టు ఉన్నాయి. రజియా అక్క, వాళ్ళాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తి ఆటోలో పెట్టారు. "ఫికర్ చెయ్యకు, జల్ది వాపస్ వస్తం" అంటూ దారంతా అక్క నా చెయ్యి పట్టుకునే ఉందట. పట్టుకున్న సంగతి నాకు తెలియలేదు. కంపెనీ దవాఖానలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు కదలలేదు. మళ్ళీ కొట్టాడు. హైదరాబాదు దవాఖానకు ఉత్తరం రాశాడు.

ఒక్కమాట ఇక్కడే చెప్తాను. తిమ్మిరి కింది నుంచి పైకి పాకుతుంటే గ్యాసని కూర్చోకండి.

హైదరాబాదు

నా బిడ్డ మమత అప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగు చివరి సంవత్సరం. నా అంబులెన్సు కంటే ముందే వచ్చి దవాఖాన గేటు దగ్గర నిలబడి ఉంది. వచ్చేముందు తలకు నూనె పెట్టుకుందేమో, జిడ్డుగా ఉన్న జుట్టుతోనే వచ్చేసింది.

అక్కడ కూడా టోకెన్ ఇస్తారు. స్ట్రెచర్ మీద నా పొట్ట మీద ఒక కాగితం ముక్క పెట్టారు, నెంబరు వేసి. గోడ వెంట బెంచీల మీద జనం తమ కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. లోపలికి పోయినవాళ్ళు బయటికి వచ్చారా అని చూసేవాళ్ళు మాత్రం ఎవరూ కనబడలేదు. నేనే కొంతసేపు లెక్కపెట్టాను. పైకప్పు తప్ప ఏమీ కనబడని స్థితిలో అది కుదరదని వదిలేశాను.

మన నరాల మీద మన ఒళ్ళే తిరగబడే జబ్బు అన్నారు. మూడు ఇంగ్లీషు అక్షరాల పేరు. కాళ్ళ నుంచి చేతులకు పాకింది, ఛాతీకి వస్తుందేమోనని వాళ్ళ భయం. గంటకొకసారి ఒక నర్సు వచ్చి, "అమ్మా, ఒక్క ఊపిరిలో ఒకటి రెండు మూడు చెప్పు" అనేది. ఎంతవరకు చెప్పగలిగితే ఊపిరి అంత ఉన్నట్టు. నేను బిళ్లల నెంబర్లు అనుకుంటూ చెప్పేదాన్ని. ఒకరోజు పదకొండు దగ్గర ఆగిపోయాను. మమత మొహం తిప్పుకుంది. నాకు భయం వెయ్యాలి కదా, వెయ్యలేదు. ఎవరి సంగతో చూస్తున్నట్టు ఉంది. ఆ వార్డులో ఊడ్చే ఆమె రోజూ నా మంచం తల వైపు కొంచెం ఎత్తు పెంచి పోయేది, కిటికీలోంచి వేపచెట్టు కొమ్మ కనబడుతుందని. ఆమె పేరు అడగలేదు. అది ఇప్పటికీ తప్పుగానే అనిపిస్తుంది.

పంపించేరోజు పెద్ద డాక్టరు వచ్చి చాలాసేపు మాట్లాడాడు. అంతా ఇంగ్లీషే. నాకొచ్చిన ఉర్దూ కూరగాయల బేరానికి సరిపోతుంది. ఇంగ్లీషు అంత కూడా రాదు.

"ఏమంటున్నడే?"

"తగ్గుతదంటున్నడమ్మా. కింది నుంచి మీదికి పోయింది కద, మీది నుంచి కిందికి వాపస్ వస్తదట. ఉగాది వరకు మంచిగ నడుస్తవట. డ్యూటీకి పోతవట."

అంతసేపు మాట్లాడితే ఇంతే చెప్పిందేమిటి అనిపించింది. ఇంగ్లీషు అట్లాగే ఉంటుందేమో అనుకున్నాను.

మంచం

దసరా అయ్యాక ఇంటికి తెచ్చారు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏడ్చేవాళ్ళు. నాకు ఏడుపు వచ్చేది కాదు. ధైర్యం గలది అన్నారు. అది ధైర్యం కాదు, లోపల కూడా తిమ్మిరే. అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు. మమత తాగించిన జావ ఒకరోజు మెడ మీదుగా కారి జాకెట్టంతా తడిసింది. నేను ఊరికే చూస్తూ పడుకున్నాను. అది గిన్నె నేలకేసి కొట్టి, "కనీసం తిట్టరాదమ్మా నువ్వు!" అని అరిచింది. తిట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. రజియా అక్క వచ్చి నేల తుడిచి, నాకు తల దువ్వి, మమతకు చాయ్ పెట్టి పోయింది.

"కాలేజీ సంగతేందే?" అని నేను అడిగితే మమత, "సార్లు నోట్సు పంపుతున్నరు, పరీక్షలు తర్వాత రాసుకోవచ్చన్నరు" అంది.

ఆ వారమే హాస్టల్ దోస్తు దగ్గర తెచ్చిన హార్డ్‌డిస్కు లాప్‌టాప్‌కు తగిలించింది. నిండా చైనా సీరియళ్ళు. తెలుగు సీరియళ్ళు నాకు వద్దన్నాను. వాటిల్లో అందరూ తెలిసినవాళ్ళలాగే ఉంటారు, వాళ్ళ కష్టాలు నెత్తిన వేసుకునే ఓపిక లేదు. చైనావాళ్ళు దూరపువాళ్ళు, వాళ్ళకేమయినా నాకేం కాదు. కింద ఇంగ్లీషులో మాటలు పడుతుంటే మమత చదివి తెలుగులో చెప్పేది. రాజుగారు కూడా మన కాలనీ మాటే మాట్లాడేవాడు. "ఏందిరా, గిట్ల చేసినవ్?" అనేవాడు మంత్రిని.

చాలా చూశాను కాబట్టి నా అభిప్రాయాలు చెప్తాను. కత్తులు పట్టుకుని ఇళ్ళకప్పుల మీద ఎగిరేవాళ్ళ కథలు నాకు నచ్చలేదు. కొండ మీంచి లోయలో పడినవాడు చావడు. ఆరు భాగాల తర్వాత గడ్డంతో తిరిగొస్తాడు. పడ్డవాడికి నడుము కూడా పట్టదు. ఆఫీసుల్లో ప్రేమించుకునే కథలు ఇంకా అన్యాయం. పిల్ల రోజూ తడబడి పడుతుంది, మేనేజరు రోజూ పట్టుకుంటాడు. పడడమంటే ఏమిటో నాకు తెలుసు. ఎవడూ పట్టుకోడు, గచ్చు చల్లగా ఉంటుంది.

వాళ్ళ జబ్బుల మీద నాకు మరీ కోపం. తెల్ల రుమాలులో దగ్గితే రెండు ఎర్రచుక్కలు, అదీ జబ్బు. చింపిరిజుట్టు లేదు, వీపు మీద పుండు లేదు, మంచం కింద పెట్టే పళ్ళెం లేదు. వైద్యుడు మూడువేళ్ళు మణికట్టు మీద పెట్టి కళ్ళు మూసుకుని అంతా చెప్పేస్తాడు. నాకు వొంటి నిండా తీగలు తగిలించి కరెంటు పెట్టి చూశారు, అయినా గట్టిగా ఏదీ చెప్పలేదు.

నచ్చినవి రెండే. ఒకటి, చిన్న ఊళ్ళో సోయా పన్నీరు అమ్ముకునే వితంతువు కథ. ఆమె పొద్దంతా తిరగలి విసురుతుంది, ఎవరినీ ప్రేమించదు. చేతులు చూస్తే పని చేసిన చేతులే. రెండోది, రాణులు ఒకరికొకరు సూపులో విషం కలుపుకునే పెద్ద కోటకథ. రాణులు నాకక్కర్లేదు. అందులో ఒక పనిపిల్ల ఉండేది. దాని పేరు నోరు తిరగక నేను సన్నపిల్ల అన్నాను. కోటలో లాంతర్లు వెలిగించి అందరికీ ఇవ్వడం దాని పని. దాని సొంత లాంతరుకు పిడి విరిగితే ఎర్రదారం చుట్టుకుంది. నాకు అది మా లాంప్‌రూం పిల్లలాగే కనబడేది. అది వచ్చినప్పుడల్లా కళ్ళు తెరుచుకునేవి. మమత అది కనిపెట్టింది. నేను మాత్రం కనిపెట్టలేదు.

జనవరి

అప్పటికి చేతులు కొంచెం వచ్చాయి. గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టి ఎత్తేదాన్ని. కాళ్ళు మాత్రం దుంగలే. ఉగాది ఇంకా దూరం ఉంది కదా అని నేను ఊరికే పడుకున్నాను. వారానికి రెండుసార్లు దవాఖాన నుంచి ఎక్సర్‌సైజులు చేయించే అతను వచ్చేవాడు. ఆయన చేయిస్తే చేసేదాన్ని, ఆయన పోగానే ఆపేసేదాన్ని. ఉగాదికి ఎట్లాగూ నడుస్తాను కదా.

కోటకథలో సన్నపిల్లను ఒక సాయంత్రం వెనక మహల్లోకి పిలిచారు. ఎర్ర తలుపు తోసుకుని పోయింది. తర్వాతి భాగంలో రాలేదు. ఆ తర్వాతి దాంట్లోనూ రాలేదు. ఎవరో ఇంకో పనిపిల్ల వసారాలో నడిచొస్తోంది. దాని చేతిలో లాంతరు, పిడికి ఎర్రదారం.

"సన్నపిల్ల ఏదే?"

"ఊరికి పోయిందమ్మా. అక్క పెండ్లట."

"లైటు ఈమె చేతికెట్లొచ్చింది?"

"ఇచ్చి పోయింది కావచ్చు."

"ఎవ్వల లైటు వాళ్ళే వాపస్ ఇయ్యాలె బిడ్డా. మనిషి రాకుంట లైటు వచ్చిందంటే ఏందో నాకు తెల్వదా? ఆరేండ్లు అదే పని చేసిన."

మమత లాప్‌టాప్ ఆపేసింది.

"సచ్చిపోయిందమ్మా. కొట్టి సంపిండ్రు. నీకు ఆ పిల్లంటే పానం కద, చెప్పబుద్ధి కాలే."

"ఇంకెవరిని ఊరికి పంపినవ్?"

ఒక్కొక్కరినీ చెప్పింది. కత్తుల కథలో ముసలి గురువు, పన్నీరు అమ్మే ఆమె తమ్ముడు, కోటలో గుర్రాలు చూసుకునేవాడు. తీర్థయాత్రకు పోయారని, పట్నంలో పని దొరికిందని, అలిగి పోయారని నాకు చెప్పినవాళ్ళందరూ చచ్చిపోయారు. నాకు కోపం రాలేదు. వాళ్ళ కోసం బాధ కూడా కలగలేదు. ఆ డాక్టరు పెదవులు అంతసేపు కదలడం ఒక్కటే కళ్ళముందుకు వచ్చింది.

"మమతా, పట్నంల డాక్టరు ఏమన్నడు?"

అది లేచి వంటింట్లోకి పోబోయింది.

"కూసో. చెప్పు."

"చేతులు వస్తయన్నడు. కాళ్ళు ఎంతవరకు వస్తయో చెప్పలేమన్నడు. పాదాలు ఇట్లనే ఉండొచ్చన్నడు. రోజు ఎక్సర్‌సైజు చేస్తెనే ఎంతో కొంత అన్నడు. నిలవడి చేసే పని అయితే వేరే చూసుకోవాలె అన్నడు. ఉగాది అని ఆయన అనలేదమ్మా. నేనే అన్న." అప్పుడు అది ఏడ్చింది. "అప్పుడు నువ్వు పదకొండు కాడ ఆగినవ్. ఏదన్న ఒక రోజు పేరు చెప్తె ఆ రోజుదాకన్న ఉంటవనుకున్న."

నేను కిటికీలోంచి చూశాను. బయట ఎవరిదో తెల్లచొక్కా తీగ మీద ఆరుతోంది.

"ఇంకేమన్న దాసినవా?"

"ఇంకేం లేదు."

"అయితే కథ మొదటి నుంచి పెట్టు. ఈసారి రాసింది రాసినట్టు చదువు."

ఫిబ్రవరి నుంచి మే

రెండోసారి చూస్తే వేరే కథ. రాజు నేననుకున్నదానికంటే వెధవ. తామరకొలను దగ్గర ఆయన పశ్చాత్తాపపడటం లేదట, చలికాలం మందిరానికి ఏ రంగు వెయ్యాలా అని అడుగుతున్నాడట. మమత పాపం ఆయనకు మంచి మాటలు పెట్టింది. సన్నపిల్ల చావు చూశాను. తలుపు బయట నుంచి చూపించారు, లాంతరు ఒక్కటే గడప మీద ఉంది. బాగా తీశారు. అబద్ధం కథ కంటే అదే బాగుంది, మమతకు కూడా అదే మాట చెప్పాను.

ఉగాది ఇక లేదు కాబట్టి ఎదురుచూడ్డానికి ఏమీ లేకుండా పోయింది. ఒక భాగం అయ్యేలోపల బొటనవేలు ఇరవైసార్లు కదపాలి అని పెట్టుకున్నాను. మొదట్లో కదిలేది కాదు, కదిలినట్టు అనుకునేదాన్ని. మార్చిలో కదిలింది. ఉగాదినాడు రజియా అక్క, మమత చెరో పక్క పట్టుకుంటే కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాను. పచ్చడి నిలబడే తిన్నాను. సంతోషం అనిపించలేదు, మోకాళ్ళు వణికాయి. ఏప్రిల్‌లో చెప్పులోపల పెట్టే ప్లాస్టిక్ పట్టీ చేయించారు. ఎడమ పాదం ఇప్పటికీ రాలేదు. నేల మీద పెడుతున్నానో లేదో కళ్ళతో చూసుకోవాలి.

జబ్బుపడ్డవాళ్ళకు నిజం చెప్పాలా వద్దా అని అడిగేవాళ్ళుంటారు. నాకు తెలిసింది ఇంతే. అబద్ధం చెప్పినన్నాళ్ళు నేను పడుకునే ఉన్నాను. అయితే ఆ అబద్ధం లేకపోతే మొదటి నెల గడిచేదో లేదో, అదీ చెప్పలేను.

జూన్

కొత్త రాష్ట్రం వచ్చిన వారంలోనే నాకు కూర్చుని రిజిస్టరు రాసే పని ఇచ్చారు. కాలనీ అంతా గులాబి రంగు చల్లి ఉంది. డప్పులు మోగుతుంటే అందరూ ఏడ్చారు, నవ్వారు. నేను స్వీటు తిన్నాను. మొండయ్య కాక గేటు దాకా ఎదురొచ్చి కర్ర పట్టుకోనివ్వలేదు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

లాంప్‌రూం అట్లాగే ఉంది. బోర్డు చివర, నెంబరు లేని కొక్కేనికి రెండు పాత బిళ్లలు వేలాడుతున్నాయి. నెంబర్లు అరిగిపోయినవి.

"ఇవేంది కాకా?"

"నువ్వు దవాఖానకు పోయిన్నాడు ఒకటి పెట్టిన. బాయి మీద పనిచేసేటోళ్ళకు బిల్ల ఉండదు గని, నువ్వు లోపటికే పోయినవ్ కద. రోజు చూసుకునేటోన్ని. తీస్కో."

వేళ్ళకు ఇత్తడి చల్లదనం కొంచెమే తెలిసింది. తీసుకున్నాను. "రెండోది ఎవరిది?"

కాక నా మొహం చూశాడు. "నీతోని ఇంకెవ్వరు లోపటికి పోయిండ్రో నీకు తెల్వదా బిడ్డా? మమత కాలేజోళ్ళు ఎళ్ళిపోయిండ్రట కద, పరీక్షలు రాసి. నా మనుమడు గూడ ఆ కాలేజే. ఆ పిల్ల పేరు పరీక్షల లేదన్నడు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. పెళ్ళిలో విస్తళ్ళు లెక్కపెట్టినదాన్ని, రాజుగారి పనివాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెట్టినదాన్ని. తొమ్మిది నెలలు మంచం పక్కన కూర్చుని చదివి వినిపించిన నా బిడ్డను లెక్కలో వేసుకోలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. సెప్టెంబరు నుంచి రానిదంతా ఆ స్టూలు మీదే వచ్చింది. ఫస్ట్ షిఫ్టువాళ్ళు లైట్లు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. కాక వాళ్ళను "ఆగుండ్రి" అని ఆపాడు.

ఇంటికి పోయి అడిగాను. నోట్సు ఎవరూ పంపలేదు. హాజరు చాలక సంవత్సరం పోయింది. మళ్ళీ చిన్నవాళ్ళతో కలిసి కూర్చోవాలి.

"పోవుడు ఎందుకమ్మా, నిన్ను ఇడిసిపెట్టి" అంది.

"పన్నీరు ఆమె కథ ఇంక పది భాగాలుంది. నువ్వు చదివితెనే చూస్త. పరీక్షలు రాసి రా. అప్పటిదాక ముట్ట."

జూలైలో మమతను బస్సెక్కించాను. దాని బిళ్ల మాత్రం కొక్కేనికే ఉంచాను. మా పెద్దసారు ఒకరోజు బోర్డు చూసి, నెంబరు లేని బిళ్ల ఏమిటి, తీసెయ్యండి అన్నాడు. "మనిషి ఇంకా లోపల ఉంది సార్" అన్నాను. బిళ్ల తియ్యలేదు. రోజూ డ్యూటీకి పోగానే ముందు ఆ కొక్కేన్నే చూస్తాను.